పేరు మీది... మెయిల్‌ ఎవరిదో!

పొద్దున్నే మెయిల్‌ తెరవగానే ‘మీరు పంపిన మెయిల్‌ చేరలేదు’ అంటూ వరసగా తిరుగుటపాలు. మీరేమో ఒక్కటీ పంపలేదు! అకౌంటు ఎవరి చేతిలోనో పడిందని గుండె గుభేల్‌మంటుంది. కంగారు పడకండి. అకౌంటు జోలికి పోకుండా మీ చిరునామాను మాత్రమే వాడుకుని ఉండొచ్చు. దీన్నే స్పూఫింగ్‌ అంటారు.

ఎలా సాధ్యం? కవరు మీద ‘ఫ్రమ్‌’ దగ్గర నంద్యాల వ్యాపారి పేరు రాసి, ఎవరో ఆళ్లగడ్డ పోస్టుడబ్బాలో వేశారనుకోండి. అడిగేవారుండరు. అది చేరకపోతే తిరిగొచ్చేది మాత్రం నంద్యాలకే! 1982లో జాన్‌ పోస్టెల్‌ రాసిన ఎస్‌ఎంటీపీ నిబంధనలే మెయిళ్ల రవాణాకు ఆధారమయ్యాయి. పంపింది ఫలానా వారేనా అని సరిచూసే ఏర్పాటు అందులో లేదు. స్పామర్లకు అదే వరమైంది.

అయితే కవరు మీద ఆళ్లగడ్డ పోస్టాఫీసు ముద్ర పడుతుందిగా! మెయిల్‌కూ అలాంటి ముద్ర ఉంటుంది. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్‌’ నొక్కితే కనిపిస్తుంది. తర్వాత వచ్చిన ఎస్‌పీఎఫ్‌ మెయిల్‌ ఏ సర్వర్‌ నుంచి బయల్దేరిందో చూస్తుంది. డీకిమ్‌ డిజిటల్‌ సంతకాన్ని సరిచూస్తుంది. రెండూ తప్పితే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది డీమార్క్‌.

చిక్కల్లా డబ్బు దగ్గరే. ఆళ్లగడ్డ శిల్పికి దూరప్రాంతం నుంచి విగ్రహం ఆర్డరు వచ్చిందనుకుందాం. ‘అడ్వాన్సు ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని శిల్పి పేరుతో ఓ దొంగ మెయిల్‌ వెళ్తే? సొమ్ము పోయేది కొన్నవారిది, పేరు పోయేది శిల్పిది.

మరేం చేయాలి?

* సెంట్‌ బాక్సు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఏయే ఫోన్లు, కంప్యూటర్ల నుంచి లాగిన్‌ అయ్యారో, మెయిళ్లు వేరే చిరునామాకు ఫార్వర్డ్‌ అవుతున్నాయేమో చూడండి. తేడా కనిపిస్తే వెంటనే పాస్‌వర్డ్‌ మార్చి, టూ స్టెప్‌ వెరిఫికేషన్‌ పెట్టుకోండి.

* తిరుగుటపాల్లోని లింకులు నొక్కొద్దు. కోపంతో జవాబివ్వొద్దు. అవతల ఉన్నది మీలాంటి మరో బాధితుడే కావచ్చు.

* ‘ఖాతా నంబరు మారితే ఫోన్లో అడిగాకే డబ్బు పంపండి’ అని ఖాతాదారులకు ముందే చెప్పండి.

* సొంత వెబ్‌సైట్‌ పేరుతో మెయిల్‌ వాడుతుంటే, దాన్ని చూసుకునేవారితో ఆ మూడు రక్షణలూ పెట్టించండి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్‌ చేయాలి. కంప్యూటర్‌ సాయంతో మరొకరిలా నటించి మోసగిస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్‌ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అందుకే ఆ దొంగ మెయిళ్లను చెరిపేయకండి. రేపు సాక్ష్యం అవే!