అక్కడ విడాకులు, ఇక్కడ వివాహం

తిరుపతిలో 1975లో జరిగిన ఒక పెళ్లిని 1980లో అమెరికాలోని మిస్సోరి కోర్టు రద్దు చేసింది. ఆ కోర్టుకు తనపై అధికారం లేదని భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం రాసి పంపినా డిక్రీ ఆగలేదు. మరుసటి ఏడాది భర్త యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆమె కేసు పెట్టింది. ఆ డిక్రీ మన దేశంలో చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది.

బంధం కోలుకోలేనంతగా తెగిపోయిందన్నది మిస్సోరి కోర్టు చూపిన కారణం. 1955 హిందూ వివాహ చట్టంలో ఆ కారణానికి చోటే లేదు. సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి, అవతలి పక్షం తనంతట తాను హాజరై వాదించి ఉండాలి. లేదంటే విడాకులకు సమ్మతించి ఉండాలి. విదేశీ డిక్రీలకు నేటికీ ప్రధానమైన గీటురాయి ఇదే.

అమెరికా సంబంధం కోసం ఆస్తులమ్మిన తెలుగు తల్లిదండ్రులకు ఈ తీర్పు పెద్ద అండ. అయితే అది కాపాడింది భార్య హోదాను. ఆమె బతుకుతెరువును కాదు. నోటీసు అందిన అమ్మాయి అక్కడి కోర్టుకు వెళ్లి వాదిస్తే దాని అధికారాన్ని ఒప్పుకున్నట్లవుతుందేమోనని భయం. వెళ్లకపోతే అక్కడి ఆస్తిలో వాటా, భరణం అడిగే అవకాశం చేజారుతుంది. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణతో ఆమె తానున్న ఊళ్లోనే పిటిషన్ వేయవచ్చు. భరణం ఉత్తర్వూ తెచ్చుకోవచ్చు. డాలర్లలో జీతం తీసుకునే మనిషి నుంచి దాన్ని రాబట్టేదెలా? వాయిదాల మధ్య ఆమె యవ్వనం కరిగిపోతోంది. ఇది నన్ను నిజంగా కలచివేసే సంగతి.

తెగిన బంధాన్ని విడాకులకు కారణంగా చేర్చాలని లా కమిషన్ 1978లోనే సిఫార్సు చేసింది. 2013లో రాజ్యసభ ఆమోదించిన బిల్లులో ఆ కారణంతోపాటు, ఆర్థికంగా చితికిపోతానంటే భార్య విడాకులను వ్యతిరేకించే హక్కు, భర్త స్థిరాస్తిలో ఆమెకు వాటా కూడా ఉన్నాయి. లోక్‌సభ గడువు ముగియడంతో అది మురిగిపోయింది. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణ కింద అలాంటి విడాకులు తాను ఇవ్వగలనంది. ఆ అధికారం కుటుంబ న్యాయస్థానాలకు లేదు. అనంతపురం అమ్మాయి ఢిల్లీ దాకా ఎన్నిసార్లు వెళ్లగలదు?

ఆ బిల్లును పార్లమెంటు మళ్లీ చేపట్టాలి. భరణం, పిల్లల పోషణ తేలేదాకా విదేశీ డిక్రీకి ఇక్కడ గుర్తింపు లేదన్న నిబంధనను అందులో చేర్చాలి.