గదిలో ఎగిరే డ్రోన్‌కి బారోమీటర్‌ని నమ్ముకోకండి

ఈసారి ప్రాజెక్టుకి చిన్న డ్రోన్ చేస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన గ్రూపులో చాలామందే ఉన్నారు. హాస్టల్ హాల్లోనో ల్యాబ్‌లోనో ఎగరేస్తే అది ఒక ఎత్తులో నిలబడదు, పైకీ కిందకీ ఊగుతుంది. "మనకి కోడింగ్ రాదులే అన్నా" అని వదిలేస్తున్నారు. కోడ్‌ని, మిమ్మల్ని తిట్టుకునే ముందు ఎత్తు కొలిచే సెన్సర్ ఏదో చూడండి.

బోర్డు మీద ముందే ఉంది కదా అని చాలామంది బారోమీటర్‌తో సరిపెట్టేస్తారు. అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్తుంది. ఒక మీటరు పైకి పోతే తగ్గే ఒత్తిడి సుమారు 12 పాస్కల్స్. బీఎంపీ280 డేటాషీట్‌లోనే రీడింగు 12 పాస్కల్స్ అటూ ఇటూ ఉండొచ్చని రాసుంది. అంటే అటో మీటరు, ఇటో మీటరు! మూడు మీటర్ల హాల్లో అదేం లెక్క? పైగా ఎవరైనా తలుపు వేసినా, ఫ్యాన్ తిప్పినా, ఆఖరికి డ్రోన్ సొంత రెక్కల గాలికైనా అంకె మారిపోతుంది. ఘాట్ రోడ్డెక్కి అరకు పోయేటప్పుడు అదే సెన్సర్ బాగా పనికొస్తుంది, కాదనను. నమ్మకం లేకపోతే రెక్కలు విప్పేసి డ్రోన్‌ని బల్ల మీద పెట్టి, పది నిమిషాలు రీడింగులు చూడండి. మధ్యలో తలుపు వేసి తీయండి.

అల్ట్రాసోనిక్ హెచ్‌సీ-ఎస్ఆర్04 చవక, రోబో కారుకి మంచిదే. డ్రోన్ మీద మాత్రం మోటార్ల మోత, అదురు దాన్ని తికమక పెడతాయి. కింద దుప్పటి పరిస్తే శబ్దం సరిగా తిరిగి రాదు.

నా ఓటు లేజర్ టైమ్ ఆఫ్ ఫ్లైట్ సెన్సర్‌కే. వీఎల్53ఎల్0ఎక్స్ 2 మీటర్ల దాకా, వీఎల్53ఎల్1ఎక్స్ 4 మీటర్ల దాకా కొలుస్తాయి. 27 గ్రాముల క్రేజీఫ్లై డ్రోన్‌కి తగిలించే రెండో తరం ఫ్లో డెక్‌లో ఉన్నది ఈ ఎల్1ఎక్సే. నల్ల నేల మీద, కిటికీ ఎండలో ఆ దూరం తగ్గుతుంది. బల్ల మీదుగా పోతే నేలే పైకొచ్చిందనుకుని డ్రోన్ గబుక్కున లేస్తుంది. అందుకే హఠాత్తుగా మారిన రీడింగుని యాక్సిలరోమీటర్‌తో సరిచూసుకునేలా కోడ్ రాయాలి.

స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలీని మనకి రెండోసారి కొనే వీలుండదు. కాబట్టి ఖరీదైన కొత్త బోర్డు జోలికి పోకముందే ఈ చిన్న ముక్క కొని చూడండి. కొత్తదాని కంటి మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటే ముందు అది పీకేయండి.