వేతనంతో తూచే దాంపత్యం

విదేశీ జీవిత భాగస్వామిని తమ చెంతకు పిలిపించుకోవాలంటే బ్రిటన్ పౌరులు సాధారణంగా ఏటా 29,000 పౌండ్ల ఆదాయం, లేదంటే 88,500 పౌండ్ల పొదుపు చూపాలి. 2024 ఏప్రిల్ దాకా ఈ ఆదాయ పరిమితి 18,600 పౌండ్లే. ఆ దేశంలోని చట్టబద్ధ కనీస వేతనంతో వారానికి 40 గంటలు శ్రమించినా నేటి మొత్తం చేకూరదు. బతకడానికి చాలునని ఒక చట్టం చెప్పిన జీతం, భార్యతో కలిసి బతకడానికి చాలదని మరో చట్టం అంటోంది!

ఖజానాపై భారం పడరాదన్నది పాలకుల వాదన. కానీ ఈ వీసాపై వచ్చేవారికి సంక్షేమ భత్యాలు ఎలాగూ అందవు. పైగా హైదరాబాద్‌లోనో ఢాకాలోనో ఇంజినీరుగా ఉన్న భార్య జీతాన్ని తొలి దరఖాస్తులో లెక్కించరు. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆదాయ పరిమితిని సూత్రప్రాయంగా సమర్థిస్తూనే, పిల్లల శ్రేయస్సును నిబంధనలు విస్మరించాయని తప్పుపట్టింది.

కనీస వేతనాన్నే హద్దుగా నిలిపి, దంపతులిద్దరి సంపాదననూ లెక్కించడమే న్యాయం. సంసారం సంపన్నుల హక్కుగా మిగలరాదు.