నొప్పి తగ్గకపోయినా బడికి వెళ్తే

ఫలానా రాగం వింటే తలనొప్పి పోతుంది, ఇంకో రాగం వింటే కీళ్లు వదులవుతాయి అంటూ వాట్సాప్‌లో తిరిగే జాబితాలను ముందే పక్కన పెడదాం. మ్యూజిక్ థెరపీ అంటే అది కాదు. ఇక్కడ చెబుతున్న బృంద పద్ధతిలో, శిక్షణ పొందిన థెరపిస్టు కొందరు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి డప్పో డ్రమ్మో వాయించడం, పాడటం, తమ పాట తామే కట్టుకోవడం చేయిస్తారు. మైగ్రేన్, చిన్నవయసు కీళ్లవాతం, మన ఏజెన్సీ గ్రామాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి వంటివాటితో మూడు నెలలు దాటినా నొప్పి వదలని టీనేజీ పిల్లలకు ఇది పనికొస్తుందా?

పనికిరావచ్చు అనడానికి ఆధారం ఉంది. మెదడు నుంచి దిగే సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి కబురును తగ్గించగలవని పరిశోధకులు మెల్జాక్, వాల్ 1965లోనే ప్రతిపాదించారు. ధ్యాస, భయం, ఉత్సాహం అన్నీ నొప్పిని మారుస్తాయి. కానీ పలు అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి కోక్రేన్ సమీక్షలో, సంగీతం విన్నవారికి పది పాయింట్ల కొలతలో తగ్గిన నొప్పి సగం పాయింటే. అయితే అది పాటలు వినడం గురించిన లెక్క, తోటివాళ్లతో కలిసి పాడటం గురించి కాదు.

నాకు అసలు విలువ ఆ తోటివాళ్లలోనే కనిపిస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే “పరీక్షలకి భయపడి నాటకాలాడుతోంది” అనే మాట ఇంట్లోనే పడుతుంది. అదే మాట పడ్డ ఇంకొకరు పక్కన కూర్చుంటే వచ్చే ధైర్యం మాత్రల్లో దొరకదు. నొప్పి ఉన్నవాళ్లంతా ఒకచోట చేరితే నొప్పి గురించే మాట్లాడుకుని దాన్ని పెంచుకుంటారన్న అభ్యంతరమూ కొట్టిపారేయదగ్గది కాదు. అయితే చేతిలో తాళం ఉన్నప్పుడు ధ్యాస పాట వరస మీదికి మళ్లుతుంది. ఉత్త కబుర్ల బృందానికి ఆ వీలు లేదు.

అందరికీ నప్పదు కూడా. మైగ్రేన్ వేళ శబ్దమే శత్రువు. వేళ్లు వాచిన పిల్లకు డ్రమ్ము ఇవ్వకూడదు. సికిల్ సెల్ నొప్పి ఉధృతమైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, క్లాసు అయ్యేదాకా ఆగకూడదు. పిల్లల దీర్ఘకాలిక నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వ్యాయామ చికిత్స, మానసిక చికిత్స, మందులు మూడింటినీ పరిగణించాయి. సంగీతం వాటి పక్కన ఉండాలే తప్ప వాటి స్థానంలో కాదు.

కాబట్టి నా మొగ్గు అవును వైపే, ఒక షరతు మీద. నొప్పి ఎంత తగ్గిందని కాదు, పిల్ల బడికి ఎన్ని రోజులు వెళ్లింది, రాత్రి ఎంతసేపు నిద్రపోయింది అన్నది కొలవాలి. చేర్పించే ముందు థెరపిస్టును మీరు ఏం కొలుస్తారని అడగండి. సమాధానం లేకపోతే ఫీజు కట్టకండి.