ప్రయోగం – ఉపసంహారం

మహాభారతంలోని సౌప్తికపర్వంలో ఒక ఘట్టం ఉంది. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగించాడు. దానిని ఎదుర్కొనడానికి అర్జునుడూ అదే అస్త్రాన్ని సంధించాడు. లోకాలు దగ్ధమయ్యే స్థితి ఏర్పడినప్పుడు వ్యాస నారద మహర్షులు ఇరువురి నడుమ నిలిచి అస్త్రాలను మరలించుకొమ్మన్నారు. అర్జునుడు మరలించుకోగలిగాడు. అశ్వత్థామకు అది సాధ్యపడలేదు. ఇద్దరికీ గురువు ద్రోణుడే. అయినా ఒకరికి ప్రయోగంతోపాటు ఉపసంహారమూ అబ్బింది, మరొకరికి ప్రయోగం మాత్రమే అబ్బింది. పిల్లలకు సాము, కరాటే, జూడో వంటి ఆత్మరక్షణ విద్యలు నేర్పించాలా వద్దా అని సందేహించే తల్లిదండ్రులు మొదట ఆలోచించవలసింది ఈ భేదాన్ని గురించే.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో తెల్లని దుస్తులు ధరించి, నడుమున రంగుల పట్టీలు కట్టుకొని కరాటే నేర్చుకోవడానికి వెళ్లే బాలబాలికలు నేడు అరుదైన దృశ్యం కాదు. వారిని చూసి సంతోషించే పెద్దలున్నారు. పెదవి విరిచే పెద్దలూ ఉన్నారు. దెబ్బలాటలు నేర్చినవాడు తగవులకు పోకుండా ఉంటాడా అని ఒకరి శంక. చదువుకు కేటాయించవలసిన సమయం వృథా అవుతుందని మరొకరి బాధ. ఆడపిల్లకు ఈ విద్య ఎందుకని ఇంకొకరి ప్రశ్న. ఇవి కొట్టిపారవేయదగిన సందేహాలు కావు. వీటికి సమాధానం ఉత్తరాంధ్ర నేలమీదనే దొరుకుతుంది.

ఈ ప్రాంతానికి సాము కొత్త కాదు. కర్రసాము, కత్తిసాము, కుస్తీ ఇక్కడి గ్రామీణ జీవితంలో భాగాలు. దండీలు, బస్కీలు తీయడం, గద తిప్పడం పూర్వం యువకులకు నిత్యకృత్యాలు. వీటిని నేర్పే చోటును తాలింఖానా అని పిలిచేవారు. తాలీం అనే అరబ్బీ పదానికి బోధన అని అర్థం. ఖానా అనే పారశీక పదానికి ఇల్లు అని అర్థం. గరిడి అనే మాట కూడా సాము నేర్పే శాలకే పేరు. వ్యాయామశాలను పూర్వులు ఒక బడిగానే భావించారనడానికి ఆ పేరే సాక్ష్యం. అక్కడ అడుగుపెట్టినవాడు మొదట నేలకు మొక్కేవాడు, తరువాత గురువుకు మొక్కేవాడు. బరిలో తన ఎదుట నిలిచినవాడిని తోటి విద్యార్థిగా చూసేవాడు.

అటువంటి వాతావరణం నుంచి వచ్చినవారే కోడి రామ్మూర్తి నాయుడు. శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 పునర్విభజనలో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన వీరఘట్టం వారి జన్మస్థలం. విజయనగరంలో పినతండ్రి ఇంట పెరుగుతూ వ్యాయామాన్ని, మల్లవిద్యను అభ్యసించారు. మద్రాసులో శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులయ్యారు. తరువాత సర్కసు సంస్థను స్థాపించి, ఉక్కు గొలుసులను తెంచి, ఏనుగు పాదాన్ని ఛాతీపై నిలుపుకొని, కలియుగ భీముడని, ఇండియన్ హెర్క్యులిస్ అని పేరు పొందారు. 1942లో వారు కీర్తిశేషులయ్యారు. శ్రీకాకుళంలోని క్రీడాప్రాంగణం వారి పేరు మోస్తున్నది. వారి ప్రదర్శనలను చెప్పుకొనేవారు అనేకులున్నారు. ఆ ప్రదర్శనలకు ముందు వారు బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయులన్న సంగతిని తలచుకొనేవారు తక్కువ. పిల్లలకు ఆదర్శం కావలసింది ఏనుగును మోసిన ఆ ఒక్క క్షణం కంటె దాని వెనుక ఉన్న అనేక సంవత్సరాల నియమబద్ధమైన సాధనయే.

ఈ నేలకు మరొక జ్ఞాపకం కూడా ఉంది. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం అది. పొరుగున ఉన్న రెండు సంస్థానాల వైరంలో ఫ్రెంచి సేనాని బుస్సీ ప్రవేశించాడు. కోట కూలింది. స్త్రీలు, పిల్లలు అగ్నికి ఆహుతి అయ్యారు. కొన్ని దినాలకే విజయనగర ప్రభువు విజయరామరాజు తాండ్ర పాపారాయుని కత్తికి బలి అయ్యాడు. ఇరువైపులా శౌర్యానికి లోటు లేదు. ఆగవలసిన చోట ఆగగలిగిన నిగ్రహానికే లోటు ఏర్పడింది. పాపారాయుని పరాక్రమాన్ని కథలు కథలుగా చెప్పుకొనే ప్రాంతం ఈ రెండవ పాఠాన్ని కూడా పిల్లలకు చెప్పవలసి ఉంది.

నిగ్రహం ఉపన్యాసంతో అలవడేది కాదు. శరీరానికి అభ్యాసమైనప్పుడే అది మనసుకు పడుతుంది. 1882లో జపానులో జూడో విద్యకు రూపకల్పన చేసిన జిగోరో కానో స్వయంగా ఉపాధ్యాయుడు. ఆయన యుద్ధవిద్యను విద్యాభ్యాసంలో ఒక భాగంగా మలచాడు. జూడోలో పిల్లవాడు మొదట నేర్చుకొనేది ఎదుటివానిని పడవేయడం కాదు. తాను దెబ్బ తగలకుండా పడడం, పడి లేవడం. కరాటేలో జంటగా అభ్యసించేటప్పుడు పిడికిలిని ఎదుటివాని దేహానికి కొద్ది దూరంలో నిలిపివేయడం నేర్పుతారు. ఆ నిలిపివేతే ఉపసంహారం. దినదినమూ అలా పిడికిలిని ఆపుకొన్న పిల్లవానికి బడిలో ఎవరైనా మాట తూలినప్పుడు కోపాన్ని ఆపుకోవడం కొంత సులభమవుతుంది. తన శక్తి తనకు తెలిసినవానికి దానిని నిరూపించుకోవలసిన అవసరం తక్కువ. మంచి గురువు వద్ద నేర్చినవాడు తగవులకు దూరంగా ఉండడానికి కారణం ఇదే.

చదువు పాడవుతుందన్న బాధకు కూడా ఇందులోనే సమాధానం ఉంది. వేళకు రావడం, చెప్పినది వినడం, ఒకే కదలికను విసుగు లేకుండా నూరుసార్లు చేయడం చదువుకూ అవసరమైన గుణాలే. గంటల తరబడి కూర్చొని చదివే పిల్లలకు సాయంకాలం ఒక గంట శరీరశ్రమ నిద్రను, ఆకలిని, ఏకాగ్రతను ఇస్తుంది. దేశభక్తి గేయంలో తిండికీ దేహబలానికీ మనిషితనానికీ ముడివేసిన గురజాడ అప్పారావు నివసించింది విజయనగరంలోనే అన్న సంగతిని ఇక్కడి తల్లిదండ్రులు మరువరాదు.

ఆడపిల్లకు ఈ విద్య ఎందుకన్న ప్రశ్నకు ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట ఏనాడో సమాధానం చెప్పింది. ఆ గ్రామంలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోల బరువెత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆమె సోదరీమణులూ బరువులెత్తే విద్యను అభ్యసించారు. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో పతకం గెలుచుకొంది. బరువులెత్తడం యుద్ధవిద్య కాకపోవచ్చు. బలం ఆడపిల్లకు తగదన్న అపోహను మాత్రం అది ఈ జిల్లాలలో తుడిచివేసింది.

ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సమగ్ర శిక్షా పథకం కింద రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణను నిర్దేశించారు. ఇది హర్షణీయం. అయితే మూడు నెలల శిక్షణతో ఏ విద్యా సంపూర్ణం కాదు. ఆత్మరక్షణలో పిడికిలి చివరి మెట్టు. ప్రమాదాన్ని ముందుగా గుర్తించడం, గొంతెత్తి వద్దనడం, అక్కడినుంచి తప్పించుకోవడం, జరిగినదాన్ని దాచక పెద్దలకు గాని, 1098 బాలల సహాయ సంఖ్యకు గాని తెలపడం అంతకు ముందున్న మెట్లు. బాలికకు ఆత్మరక్షణ నేర్పించామన్న సాకుతో ఆమె భద్రత భారాన్ని ఆమె భుజాలపైనే మోపరాదు. ఆ భారం కుటుంబానిది, సమాజానిది, చట్టానిది. మగపిల్లలకు ఉపసంహారం నేర్పడం కూడా ఆడపిల్లల రక్షణలో భాగమే.

ఈ విద్య కుటుంబానికి చేసే మేలు కూడా తక్కువ కాదు. ఉపాధి కోసం ఈ జిల్లాలనుంచి విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాలకు వలస వెళ్లేవారు అనేకులు. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్ తీరం దాకా వెళ్తారు. అటువంటి ఇళ్లలో పిల్లలు అవ్వతాతల నీడలో పెరుగుతారు. వారికి సాయంకాలం ఒక గురువు, కొందరు స్నేహితులు, ఒక నియమం ఉండడం గొప్ప అండ. తల్లిదండ్రులు దగ్గర ఉన్నచోట వారూ పిల్లలతో కలిసి అభ్యసించడం ఇంకా మేలు. బరిలో తండ్రి తడబడితే కుమార్తె సరిదిద్దుతుంది. అమ్మ పడి నవ్వుతూ లేస్తే కొడుకు తన ఓటమికి సిగ్గుపడడం మానుతాడు. ఎవరి చరవాణిలో వారు మునిగే ఇళ్లకు ఆ ఒక్క గంట ఉమ్మడి సంపద.

అయితే ప్రతి బోర్డు వెనుక గురువు ఉంటాడని నమ్మరాదు. రుసుము చెల్లించిన వేగాన్ని బట్టి పట్టీల రంగు మారే చోట్లు ఉన్నాయి. జపాను పద్ధతిలో నల్లపట్టీ తొలి శ్రేణి పేరుకు ఆరంభపు మెట్టు అని అర్థం. దానిని ఏడాదిలోనే ఇప్పిస్తామనేవారు ఆ అర్థాన్నే మరచినవారు. పసివాళ్లచేత తలతో పెంకులు పగులగొట్టించడం, పొట్టపైనుంచి వాహనాలు పోనివ్వడం విద్య కాదు. కోడి రామ్మూర్తి వంటివారు పరిణత వయసులో చేసిన వాటిని ఎదిగే ఎముకలపై ప్రయోగించడం అపరాధం. అభ్యాసాన్ని తల్లిదండ్రులు చూడడానికి అనుమతించని చోటికి పిల్లలను పంపరాదు. గురువు అర్హతను, ప్రథమ చికిత్స ఏర్పాటును, బాలికలకు శిక్షకురాలు ఉన్నదా లేదా అన్న సంగతిని విచారించడం పెద్దల విధి.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఈ విద్య ఎవరికి అందుతున్నది? ద్రోణుని వాకిట ఏకలవ్యునికి చోటు దొరకలేదు. తానై సాధించినదానికి అతడు బొటనవేలిని వెలగా చెల్లించాడు. నెలసరి రుసుము కట్టలేని కూలివాని బిడ్డ, పట్టణానికి రాలేని మన్యపు బాలిక నేటి ఏకలవ్యులు. సాముకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. చదునైన నేల, ఒక కర్ర, ఓర్పుగల గురువు చాలు. ప్రతి గ్రామ పాఠశాల ఆటస్థలాన్నీ సాయంకాలం ఒక గంట తాలింఖానాగా మార్చగలిగితే, కర్రసాము తెలిసిన వృద్ధులను గౌరవించి పిలిచి నేర్పించగలిగితే, పాత విద్య నిలుస్తుంది. కొత్త తరం బలపడుతుంది.

తమ పిల్లవాడు ఎంత గట్టిగా కొట్టగలడని అడిగే తండ్రి అశ్వత్థామ విద్యను కోరుతున్నాడు. ఎంత నిబ్బరంగా ఆగగలడని అడిగే తండ్రి అర్జునుని విద్యను కోరుతున్నాడు. పిల్లవానిని బరిలోకి పంపేముందు ప్రతి ఇల్లూ తాను ఏది కోరుతున్నదో తేల్చుకోవాలి.