ప్రార్థన చేయించుకున్నాం కదా అని గోలీలు ఆపొద్దు



సాక్ష్యాల సమయంలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. "అయ్యగారు ప్రార్థన చేసిన్రు, నాకు తక్కువైంది, గోలీలు బంద్ చేసిన." వెంటనే అందరూ హల్లెలూయ అంటారు. మొదటి రెండు మాటలకు మేమూ అంటాం. మూడో మాటకు మాత్రం అనం. ఎందుకో చెప్పాలంటే డిచ్‌పల్లి దాకా పోవాలి.

మొగుడంపల్లి పెద్దలకు మిషన్ దవాఖాన అంటే ముందు బీదరే గుర్తొస్తుంది. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది మరి. అటు అమెరికా మెథడిస్టులు సేవ చేస్తే, మెదక్, నిజామాబాద్ వైపు బ్రిటిష్ వెస్లియన్లు చేశారు. అలా 1907లో నిజాం రాజ్యానికి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్. స్కాట్లండ్ ఆడబిడ్డ, అబర్దీన్‌లో వైద్యం చదివింది. భర్త జార్జ్ కెర్ పాదిరిగారు. మన వాళ్లు పేరు పలకడానికి కూడా భయపడి 'పెద్దరోగం' అనే కుష్ఠుతో ఊరి బయట బతుకుతున్న వాళ్లను చూసి, ఆ దంపతులు 1911లో నిజామాబాద్‌లో వారి కోసం వైద్యం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లకు చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత చేయి అందించాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసింది. మిషన్ దవాఖాన మన క్రైస్తవుల సొత్తని గొప్పలు చెప్పుకునే ముందు ఆ గౌడ్ గారిని కూడా తలచుకోవాలి.

ఆ రోజుల్లో కుష్ఠుకు గోలీ లేదు. హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. చిక్కటి నూనె, బాగా నొప్పి. ఒక్కసారితో అయ్యేది కాదు, మళ్లీ మళ్లీ, నెలల తరబడి పొడవాలి. అందరికీ నయమయ్యేదని కూడా లేదు. ఆ డాక్టరమ్మ ప్రార్థన తెలియని మనిషి కాదు, మిషనరీ. అయినా సూది పక్కన పెట్టలేదు. 1932లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆ దవాఖాన ఇచ్చిన సాక్ష్యం అదేనని మా అభిప్రాయం. ఒక్క రాత్రిలో జరిగిన అద్భుతాల గురించి మనం ఎక్కువగా చెప్పుకుంటాం. ఏళ్ల తరబడి పుండ్లు కడిగిన చేతుల గురించి తక్కువగా చెప్పుకుంటాం.

ఇప్పుడు కాలం మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో కుష్ఠుకు పలు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్. రోగాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు. సర్కారు దవాఖానలో పైసా అక్కర లేదు. మందు మొదలైన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటదు. ఇంత సులువైన మందును మధ్యలో ఎందుకు ఆపుతారు? క్లోఫజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది, రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తుంది. ఒళ్లు నల్లబడితే వాడకట్టులో గుసగుసలు మొదలవుతాయి, ఆడపిల్ల అయితే సంబంధాల భయం. ఆ భయంతో గోలీలు మానేసి, పైకి మాత్రం స్వస్థత అని చెప్పుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను తప్పు పట్టం. గుసగుసలు పెట్టేవాళ్లు మన బల్లల మీదే కూర్చుంటారు కదా! మన క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో కూడా, కుష్ఠు ఉంటే విడాకులు అడగవచ్చనే మాట 2019 దాకా అలాగే ఉంది.

టీబీ సంగతి ఇంకా మోసం. కనీసం ఆరు నెలలు మింగాలి. కానీ రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే స్తుతి కూడిక వస్తుంది, సాక్ష్యం వస్తుంది, డబ్బా అటక ఎక్కుతుంది. లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. తర్వాత ఇంట్లో పిల్లలకు అంటేది ఆ మొండి రోగమే.

మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టు అని బోధించే వాళ్లు ఉన్నారు. వాళ్లను మేము ఒకటి అడుగుతాం. ప్రభువు కుష్ఠు రోగిని ముట్టి బాగు చేశాక ఏం చేయమన్నాడు? వెళ్లి యాజకునికి కనబరచుకోమన్నాడు. ఆ రోజుల్లో ఒళ్లు పరీక్షించి, బాగైందో లేదో తేల్చేది యాజకుడే. సాక్షాత్తు ప్రభువు చేయి తగిలినవాడే పరీక్షకు పోతే, మా చేయి తగిలినవాళ్లు డాక్టరుకు చూపించకుండా గోలీలు ఎట్లా ఆపుతారు?

మంచి సమరయుని సంగతీ చూడండి. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడంతో ఆగలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. అంటే కట్టు కట్టిన మర్నాటి సంగతి కూడా ఆలోచించాడు.

మన సంఘానికి ఆ మర్నాడే ముఖ్యం. ఆరోగ్యశ్రీ కింద పెద్ద జబ్బుకు పది లక్షల దాకా వైద్యం ఉంది. టీబీ రోగికి పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు 2024 నవంబరు నుంచి ఇస్తున్నారు. కానీ చెరకు కోతల్లో, అల్లం తవ్వకాల్లో కూలి పోగొట్టుకుని తోడు వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి ఎవరిస్తారు? జహీరాబాద్ పోయే ఆటో కిరాయి ఎవరిస్తారు? ప్రహరీ గోడకు వచ్చే కానుకల్లో నుంచి కొంత దీనికి తీయాలని మా ఆలోచన. గోడ ఒక ఏడాది ఆగినా ఏమీ కాదు. పెద్దలలో కొందరికి ఇది నచ్చదని తెలుసు, సంఘ కమిటీలో మాట్లాడుకుందాం.

ఈలోగా ఒళ్లు మీద స్పర్శ లేని మచ్చ ఉన్నా, రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నా ఆశా అక్కకు చెప్పండి. చెప్పడానికి సిగ్గయితే మాకు ఫోన్ చేయండి, మేమే వెంట వస్తాం. ప్రార్థన దారిలో చేసుకుందాం. సాక్ష్యం మాత్రం చివరి గోలీ మింగిన తర్వాతి ఆదివారం చెప్పండి.