ఇంటి గోడ మీద చెట్టు

ఇంటి గోడకు చెట్టు వేయమని మమ్మల్ని పిలిచేవారు ఆకుల సంగతే అడుగుతారు. మేము ముందు కొమ్మలు చూసుకుంటాము. మాను ఎన్ని కొమ్మలుగా చీలినా వాటి లావంతా కలిపితే మానుతో సమానమని లియొనార్డో డావిన్సీ రాసిపెట్టాడు. 1498లో మిలాన్ కోటలో డ్యూకుగారి గదికి ఆయన వేసింది మల్బరీ చెట్లే. కొమ్మలు గోడలెక్కి కప్పంతా అల్లుకుంటాయి. చీలిన ప్రతిచోటా కొమ్మ సన్నబడాలి. లేకుంటే ఎంత పచ్చరంగు పూసినా అది స్తంభమే! ఆకుల నడుమ ఆకాశానికి సందులు వదలాలి, పిట్ట దూరేది అక్కడే గదా.

కొత్త సిమెంటు గోడ బాగా ఆరందే మేము కుంచె పట్టము. చెమ్మ ఉంటే రంగు పెచ్చులూడుతుంది.

ఒక ఇంటివారు గది పెంచుకోవడానికి పెరటి వేపచెట్టు కొట్టించి, ఆ గది గోడమీదే వేపచెట్టు వేయమన్నారు. మేము గీతలు గీస్తుంటే ఆ ఇంటి మామ్మగారు వచ్చి, సుద్దముక్క అడిగి తీసుకొని, ఉయ్యాల కట్టిన కొమ్మ ఎక్కడుండేదో తానే గీసి చూపారు. ఆ గీతమీదనే కొమ్మ వేశాము.

అప్పటినుండి ఇలా పిలిచినవారిని ముందే అడుగుతున్నాము, చెట్టు ఇంకా ఉన్నదా అని. ఉన్నదంటే గది ఒక మూర తగ్గించుకోమంటాము. ఆ పని మాకు పోతుంది, పోనీయండి.